బదిలీ అత్తయ్య బీరువా మోసిన సంగతి

మా మేనత్త గురించి చెప్పాలంటే ముందు ఒక ఎంజైము గురించి చెప్పాలి. తప్పదు. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మనుషులకంటే ముందు నాకు వాళ్ళ రక్తం పరిచయమవుతుంది. మనుషులు నాతో చాలా అబద్ధాలు చెప్పారు, రక్తం ఇంకా చెప్పలేదు. అందుకని దానితోనే నాకు స్నేహం.

ఆ ఎంజైము పేరు ట్రాన్స్‌అమినేజ్. పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు, అది చేసే పని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఒక అణువు దగ్గర అమైనో సమూహం అనే చిన్న ముక్క ఉంటుంది. ఈ ఎంజైము వచ్చి దాన్ని ఊడదీసి, కాసేపు తన చేతిలో పట్టుకుని, ఇంకో అణువుకి తగిలించి చేతులు దులుపుకుంటుంది. ఇచ్చినవాళ్ళని అడగదు, పుచ్చుకున్నవాళ్ళని అడగదు. తనకంటూ ఏమీ మిగుల్చుకోదు, తన సొంతది చిల్లిగవ్వ కూడా పెట్టదు. ఇది లేకపోతే ఒంట్లో మాంసకృత్తుల వ్యవహారమంతా ఆగిపోతుందని పుస్తకాలు దీన్ని తెగ మెచ్చుకుంటాయి. నిజమే కావచ్చు. కానీ ఊడదీయించుకున్న అణువు తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. ఆ అణువుని నేను.

మా ఇళ్ళల్లో పిల్లలం అత్తయ్యకి పెట్టుకున్న పేరు బదిలీ అత్తయ్య. ఆవిడ కాలు పెట్టిన ఇంట్లోంచి ఒక వస్తువు బయటికి నడవాల్సిందే. నేను పరీక్షలకి చదువుకుంటున్న రోజుల్లో నా టేబుల్ లైటు బాబాయి ఇంటికి వెళ్ళిపోయింది, ఆయనకి పేపరు చదువుకోడానికి వెలుతురు చాలడం లేదట. బదులుగా బాబాయి ఇంటి మడతకుర్చీ మాకు వచ్చింది. చీకట్లో కూర్చోడానికి కుర్చీ అయినా ఉండాలి కదా, అంత ఆలోచన ఉన్న మనిషి. మావయ్య వానకోటు పోస్ట్‌మ్యాన్‌కి వెళ్ళింది. మావయ్య ముద్దగా తడిసి వచ్చి అడిగితే, "ఆయన పాపం రోజంతా వానలో తిరుగుతాడు. మీరు గొడుగేసుకోవచ్చుగా" అంది. గొడుగు అంతకుముందే ఎదురింటి టీచరమ్మకి ఇచ్చేసిన సంగతి ఆవిడకి గుర్తు లేదు. మావయ్యకి గుర్తుంది. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం వల్లే ఆ కాపురం నిలబడిందని మా అమ్మ అంటూ ఉంటుంది.

వీధిలో అందరూ ఆవిడది పెద్ద చెయ్యి అనేవారు. ఆ చేతిలో ఉన్నది ఎవరిదని అడిగిన పుణ్యాత్ములు మాత్రం నాకు కనపడలేదు.

పని కూడా తనకి తగినదే వెతుక్కుంది. మూడు షాపుల వరసలో చివర, మెట్ల కింద ఒక ఇరుకు గది. అందులో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, గోడకి మేకులు, మేకులకి ఊరందరి బట్టలు. కొత్తవి కుట్టదు. లావైనవాళ్ళకి వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళకి బిగువు చేస్తుంది. ఒకరి దగ్గర కత్తిరించిన ముక్క ఇంకొకరి దగ్గర అతుకవుతుంది. బ్యాంకు మేనేజరు ప్యాంటు అంచు బస్సు డ్రైవరు కోటు మోచేతి మీదికి ఎక్కి ఊరంతా తిరిగింది. ఆ మేనేజరు రోజూ వెళ్ళేది ఆ బస్సులోనే. గుర్తుపట్టలేదు కాబట్టి షాపు ఇంకా ఉంది.

ఇలా మా సామాన్లు మా ప్రమేయం లేకుండా ఊరు చుట్టి వస్తుండగా నాన్న కాలేయం చెడిపోయింది.

నాన్న తాళాలు బాగుచేసే మనిషి. మందు ముట్టడు, సిగరెట్టు ఎరగడు. ఎప్పుడో రక్తంలో చేరిన వైరస్ ఒకటి ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా కాపురముండి, ఇల్లు మొత్తం తినేశాక బయటపడింది. కళ్ళు పచ్చబడ్డాయి. పొట్టలోకి నీరు చేరింది. ఒళ్ళంతా ఒకటే దురద, నిద్రలో కూడా గోక్కుంటూ ఉండేవాడు. మందులతో లాగే దశ దాటిపోయిందని, దాత కావాలని డాక్టరు చెప్పాడు. బతికున్న మనిషి కాలేయంలో కొంత కోసి ఇంకొకరికి పెట్టొచ్చు, ఇచ్చినవాళ్ళకి అది మళ్ళీ పెరుగుతుంది. ఇంత సౌకర్యమైన అవయవం ఒంట్లో ఇంకోటి లేదు. అయినా ఇవ్వడానికి జనం వరస కట్టరు, అదేమిటో.

నా రక్తం గ్రూపు సరిపడలేదు. అమ్మదీ సరిపడలేదు. నాన్న తమ్ముడు, మా బాబాయిది మాత్రం చక్కగా సరిపోయింది. బాబాయి జీవితబీమా ఏజెంటు. మనిషి ప్రాణం ఎంత విలువైనదో గడపగడపకీ తిరిగి చెప్పిన మనిషి కాబట్టి తన ప్రాణం సంగతి ఆయనకి ఇంకా బాగా తెలుసు.

"అన్నయ్య కోసం ప్రాణమైనా ఇస్తాను వదినా. కాకపోతే రేపు నాకేమన్నా అయితే పిల్లలేం కావాలి?" అన్నాడు అమ్మతో.

ఆ పిల్లల్లో పెద్దవాడికి అప్పటికే బట్టతల.

ఆ మాట జరిగిన రోజు అత్తయ్య మా హాల్లోనే ఉంది, మా కిటికీ తెర ఒకటి ఒళ్ళో పెట్టుకుని అంచు విప్పుతోంది. ఆ తెర ఎవరింటికి ప్రయాణమో నేను అడగలేదు. తలెత్తకుండానే, "నాదీ అన్నయ్య గ్రూపేగా. నేనిస్తాలే" అంది, వంటింట్లోంచి గరిటె ఇస్తున్నట్టు. అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. బాబాయి పక్కనే ఉన్న మావయ్య భుజం తట్టి, "మా చెల్లెలు బంగారం" అన్నాడు. అంత సులువుగా తప్పించుకున్నవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

నేను ఏడవలేదు. సంతోషించాను, కానీ ఆ సంతోషం మధ్యలో ఒక చేదు ఆలోచన. ఈవిడ జన్మలో ఎప్పుడైనా తనది తాను ఇచ్చిందా? ఎంత గుర్తుచేసుకున్నా ఒక్కటి తేలలేదు.

హాస్పిటల్లో పరీక్షలకి రక్తం ఇవ్వాల్సిన వారం నేనే ఆవిడకి జాగ్రత్తలు చెప్పాను.

"అత్తా, ఈ వారమంతా బరువులు ఎత్తకు. ట్రాన్స్‌అమినేజ్ అని ఒక ఎంజైము కాలేయంలోనే కాదు, కండల్లో కూడా ఉంటుంది. కండ నలిగితే అది రక్తంలోకి కారుతుంది. అప్పుడు నీ కాలేయం బాగాలేదేమో అని వాళ్ళకి అనుమానమొస్తుంది."

"బరువులంటే ఎంత బరువే?"

"బీరువాలూ అవీ" అన్నాను, నోటికొచ్చిందేదో.

రక్తం ఇవ్వడానికి ముందురోజు నేను పని నుంచి వచ్చేసరికి మా హాల్లో ఒక ఇనప బీరువా నిలబడి ఉంది. మావయ్యది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పైన వాచ్‌మన్ పట్టుకున్నాడట, కిందవైపు మోసుకుంటూ వచ్చింది అత్తయ్యట. మెట్ల మలుపుల్లో గోడలకి ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

"ఏంటిది?" అన్నాను.

"నీకు బట్టలు పెట్టుకోడానికి చోటు లేదన్నావుగా."

నిజమే, అన్నాను. ఎప్పుడో కాలేజీలో చదివేటప్పుడు. ఆవిడ భుజాలు నొక్కుకుంటూ, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం మావయ్య వచ్చాడు. ఆయన చొక్కాలు లోపలే ఉండిపోయాయి. ఒకటి తీసుకుని, మిగతావి వరసగా సర్దిపెట్టి, ఎప్పటిలాగే ఏమీ అనకుండా వెళ్ళాడు.

ఫలితం వచ్చింది. ఆ ఎంజైము ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది.

డాక్టరు అత్తయ్యని, మావయ్యని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మందు అలవాటుందా అని అడిగాడు. "లేదండి" అంది. డాక్టరు సాక్ష్యానికి మావయ్య వైపు చూశాడు. మావయ్య నేల వైపు చూశాడు. ఆయన చూపు సాధారణంగా అక్కడే ఉంటుందని డాక్టరుకి ఎలా తెలుస్తుంది? డాక్టరు ఇంకేదో అర్థం చేసుకున్నట్టున్నాడు.

"మాత్రలేమన్నా వాడారా? వ్యాయామం, బరువులెత్తడం, అలాంటివేమన్నా?"

"ఏమీ లేదండి" అంది అత్తయ్య.

నేను నోరు తెరిచాను. ఆవిడ నా వైపు తిరిగింది. మా ఇంట్లోంచి ఏం తీసుకెళ్ళినా దర్జాగా తీసుకెళ్ళే మనిషి, ఆ రోజు ఆ కళ్ళల్లో బతిమాలడం చూశాను. నోరు మూసుకున్నాను.

పది రోజులాగి మళ్ళీ తీద్దామన్నాడు డాక్టరు, ఈసారి కండల పరీక్ష కూడా కలిపి. అప్పటికీ తగ్గకపోతే ఇంకో దాతని వెతుక్కోవాల్సిందే. ఇంకో దాత లేరు. ఉన్న ఒక్కరూ పిల్లల భవిష్యత్తు చూసుకుంటున్నారు. నాన్నకి అట్టే వ్యవధి లేదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

కబురు ఇంటికి చేరేసరికి బాబాయి అక్కడే ఉన్నాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమే. అలా ఒంటరిగా మిషను దగ్గర కూర్చునేవాళ్ళకి గుట్టుగా ఏవో అలవాట్లు పడతాయి" అన్నాడు. సాయంత్రానికి అత్తయ్య తాగుబోతయింది. మర్నాటికి వీధిలో కొందరికి ఆవిడ తూలడం కూడా కనిపించింది.

నేను తిన్నగా షాపుకి వెళ్ళాను. ఇస్త్రీ బల్ల మీద ఎవరిదో కోటు పడుంది. అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు.

"తెలిసే మోశావు కదా?" అన్నాను.

"బీరువాలూ అవీ అని నువ్వే అన్నావుగా" అంది.

తప్పు నాదేనన్నట్టు. ఒళ్ళు మండింది. తలుపు దగ్గరికి వేసి స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ కొంచెంసేపు దారంతో కుస్తీపట్టి, సూదిని పక్కన పెట్టేసింది.

"రక్తం తియ్యకముందు ఒకరోజు రమ్మన్నారు చూడు, అప్పుడొక డాక్టరమ్మ నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచింది. ఎంత బాగా మాట్లాడిందో. 'మీకు ఇష్టం లేకపోతే చెప్పండి. మీ శరీరం సరిపడలేదని ఇంట్లోవాళ్ళకి మేమే చెప్తాం. అసలు కారణం ఎవరికీ చెప్పం' అంది."

"మరి నువ్వేమన్నావ్?"

"'అయ్యో, ఇష్టమేనండీ' అన్నా. ఇంకేమంటానే? అవతల అన్నయ్య. ఇంటికొచ్చాక కాళ్ళల్లో వణుకు పట్టుకుంది." మెడలో ఉన్న టేపు తీసి తన పొట్టకి అడ్డంగా పెట్టుకుంది, కొలత తీస్తున్నట్టు. "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కోస్తారటగా. నేను రోజూ కత్తిరించేదాన్నే. కత్తెర పడ్డాక గుడ్డ మళ్ళీ మొదటిలా ఉండదు. ఎంత బాగా కుట్టినా ఉండదు."

"ఆవిడకే నిజం చెప్పేస్తే పోయేదిగా. బీరువా ఎందుకు మొయ్యడం?"

"చెప్తే నేను వద్దన్నట్టు. బీరువా మోస్తే నేను వద్దనలేదు. నా కాలేయమే వద్దంది."

ఇంత పకడ్బందీగా తనని తాను మోసం చేసుకునే తెలివి మా కుటుంబంలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేకపోయాను. ఇంట్లో నాన్న చేతులకి అమ్మ మెత్తటి గుడ్డలు చుడుతోంది, గోక్కుని రక్తం కార్చుకోకుండా. అది గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. నా టేబుల్ లైటుతో మొదలుపెట్టి, వానకోటు, గొడుగు, కిటికీ తెర, అన్నీ వరసపెట్టి తిట్టాను. ఆవిడ కోటు మడతలు సర్దుతూ కూర్చుంది.

లేచి తలుపు తీశాక నా నోట్లోంచి ఈ మాటలొచ్చాయి.

"పది రోజుల్లో మళ్ళీ రక్తం తీస్తారు. ఊళ్ళో బీరువాలకేం తక్కువ లేదు. నీ ఇష్టం అత్తా. నేను ఎవరికీ చెప్పను."

ఎందుకలా అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్న ప్రాణం ఆవిడ చేతుల్లో పెట్టి నేను ఉదారంగా మాట్లాడటమేమిటి? వీధి మలుపు తిరిగాక నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. వెనక్కి వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు, బస్సెక్కాను.

ఆ పది రోజులూ నేను ఆవిడ ఇంటికి ఏదో వంకతో వెళుతూనే ఉన్నాను. ఒకరోజు వెళ్ళేసరికి సోఫా పక్కన నిలబడి దాని చెయ్యి నిమురుతోంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది. ఇంకోరోజు ఎదురింటి టీచరమ్మ వచ్చి పరుపు ఎండలో వెయ్యాలి, కాస్త ఒక చెయ్యి వెయ్యమంది. అత్తయ్య ఎంతసేపు ఆలోచించిందంటే టీచరమ్మ విసుగెత్తి వెళ్ళిపోయింది. షాపు మూసేసింది. ఇస్త్రీ పెట్టె బరువట. ఊళ్ళో ప్యాంట్లన్నీ పొడుగైపోయి నేలని ఊడుస్తున్నాయి. మావయ్య తన నీళ్ళు తానే తెచ్చుకున్నాడు, ఆవిడకి కూడా తెచ్చి ఇచ్చాడు.

చివరి రోజుల్లో ఒకసారి ఆవిడే అంది. "పనిచేస్తుంటే బానే ఉంటుందే. ఊరికే కూర్చుంటేనే భయమేస్తుంది. నేనిన్నాళ్ళూ ఎందుకలా తిరిగానో ఇప్పుడు తెలుస్తోంది." అని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

రక్తం మా ల్యాబులోనే తీసి ఫలితం పంపమన్నాడు డాక్టరు. నేనే తీశాను. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. గొట్టాన్ని యంత్రంలో పెట్టి, వేరే పనేదీ చెయ్యలేక దాని ముందే నిలబడ్డాను. కండల పరీక్ష మామూలుగా వచ్చింది. కాలేయం అంకె కూడా మామూలుగా వచ్చింది. ఏ దోషమూ లేని, ఎవరికైనా ఇవ్వదగిన కాలేయం. బయట బల్ల మీద కూర్చున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాను.

"చెప్పవే. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది" అంది.

"బాగుంది అత్తా. అంతా బాగుంది."

"నా ఖర్మ" అంది. చెయ్యి చాపి, "ఫోనివ్వు" అంది.

నాన్నకి చేసింది. నాన్న గొంతు అప్పటికే బాగా నీరసించిపోయింది, ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. అయినా పక్కన నిలబడిన నాకు వినబడుతోంది.

"అన్నయ్యా, నా రక్తం బాగుందిట."

నాన్న అన్నాడు. "బీరువా మెట్లకి కొట్టుకుంటూ వచ్చిన రోజే నాకు అర్థమైందమ్మా. నీకు ఇష్టం లేకపోతే వద్దు. నేనేమీ అనుకోను. నిజం చెప్పు."

"ఇష్టం లేదన్నయ్యా" అంది అత్తయ్య. "చచ్చేంత భయంగా ఉంది. ఎల్లుండి వచ్చి చేరుతున్నా."

ఫోను నాకిచ్చి, చెప్పులేసుకుని, ఇంకో మాట లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగింది. ఇద్దరూ బయటపడ్డారు. నాన్న కళ్ళల్లో పసుపు రోజురోజుకీ తగ్గి, తెలుపు బయటపడుతుంటే అమ్మ ఆయన రెప్పలు పైకెత్తి చూసి మురిసిపోయేది. అత్తయ్యకి మాత్రం నొప్పి ఎక్కువగానే ఉండేది. దగ్గు వస్తే దిండు పొట్టకి అదుముకునేది. పుస్తకాల్లో రాసినంత సులువుగా ఏమీ జరగలేదు.

వారం గడిచాక బాబాయి పళ్ళ బుట్టతో వచ్చాడు. మంచం పక్కన నిలబడి, మందులు ఇవ్వడానికొచ్చిన నర్సమ్మకి మా వంశచరిత్ర మొదలుపెట్టాడు.

"మా చెల్లెలి చెయ్యే అంతండీ. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాంగా. ఉన్నదంతా ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే గానీ నిద్రపట్టదు. ఇవ్వడం దానికి కొత్తేం కాదు."

అత్తయ్య నిద్రపోతోందనుకున్నాను. కళ్ళు తెరవలేదు. నొప్పికి ఊపిరి చిన్నగా తీసుకుంటూ అంది.

"అవన్నీ మీవి చిన్నన్నయ్యా. ఇది నాది."